గంటల లెక్క సరే, ఆ గంటల్లో ఏం జరుగుతోందో కూడా చూడండి

సంపాదకులకు నమస్కారం.

యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబరులో నారాయణమూర్తిగారు అన్నప్పటి నుంచి పని గంటల మీద వాదన ఆగట్లేదు. గచ్చిబౌలిలో డెవలపర్‌గా పనిచేస్తున్నాను. ఆఫీసులో కూర్చున్న ఆ గంటలన్నీ ఎటు పోతున్నాయో అడిగేవాళ్లు కనిపించకే ఈ ఉత్తరం.

నాలుగు లైన్ల కోడ్ మార్చాలనుకోండి. మార్చడానికి పది నిమిషాలు చాలు. ఆ కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చి పరీక్షించే బిల్డ్‌కి నలభై నిమిషాలు పడుతుంది, తీరా చివర్లో మన మార్పుతో ఏ సంబంధమూ లేని టెస్ట్ ఒకటి ఫెయిలవుతుంది. అది ఉన్నట్టుండి ఫెయిలయ్యే టెస్టని టీమంతటికీ తెలుసు, అందుకే ఏం జరిగిందో సిస్టమ్ రాసుకునే లాగ్ కూడా ఎవరూ తెరవరు, రీ-రన్ నొక్కుతారు, మళ్లీ నలభై నిమిషాలు. ఈలోగా ఇంకో టికెట్, అంటే మనకిచ్చిన ఇంకో పని మొదలుపెడితే అది బుర్రకెక్కేలోపే మీటింగ్. మన కోడ్ చూసి సరేనని రివ్యూ చేయాల్సినాయన అమెరికాలో ఉంటాడు, ఆయన లాగిన్ అయ్యేసరికి మనకు రాత్రవుతుంది, ఒక్క సందేహం అడిగాడంటే పని మర్నాటికి పడినట్టే. టైమ్‌షీట్‌లో మాత్రం ఎనిమిది గంటలూ 'డెవలప్‌మెంట్' అనే నింపుతాం, ఎందుకంటే ఎదురుచూపులకు అందులో కాలమ్ లేదు.

కొత్తగా చేరిన పిల్లల పరిస్థితి ఇంకా కష్టం. సిస్టమ్‌లు వాడే అనుమతి (యాక్సెస్) కోసం టికెట్ పెడతారు, అప్రూవ్ చేయాల్సిన మేనేజర్ సెలవులో ఉంటాడు, రోజులు గడిచిపోతాయి. తప్పు తమదేనేమో అని వాళ్లు టెన్షన్ పడుతుంటే చూడలేం.

కొలవకూడదని నేననను. కొలవాల్సిందే, కాకపోతే కమిట్లు (కోడ్‌లో చేర్చిన మార్పులు), స్టోరీ పాయింట్లు (పని ఎంత పెద్దదో చెప్పే అంచనా అంకెలు), మౌస్ కదలికలు కొలిస్తే అవే పెరుగుతాయి. 1982లో ఆపిల్‌లో వారంవారం ఎన్ని లైన్లు రాశారో ఫారం నింపమంటే, బిల్ అట్కిన్సన్ అనే ప్రోగ్రామర్ తన కోడ్‌ని లైన్లు తగ్గేలా తిరగరాసి చాలా వేగంగా పరిగెత్తేలా చేసి, మైనస్ 2000 అని రాసిచ్చారు. ఆయన చేసిన మంచి పనే లైన్ల లెక్కలో నష్టంగా తేలింది. ఇన్నేళ్ల తర్వాత మన దగ్గర అప్రైజల్ సమయానికి కమిట్ల సంఖ్య బయటికి తీస్తున్నారంటే బాధేస్తుంది.

ఇందులో తెలిసినవాళ్లు దారి చూపించే ఉన్నారు. డెవలపర్ల పనితీరు మీద పరిశోధన చేసే నికోల్ ఫోర్స్‌గ్రెన్ బృందం 2021లో స్పేస్ అనే పద్ధతి చెప్పింది: ఒక్క అంకెతో డెవలపర్ పనిని తూచలేం, సంతృప్తి, ఫలితం, తోటివారితో సమన్వయం లాంటివి కలిపి చూడాలని. 2023లో ఆమె, మరికొందరు కలిసి ఇంకా సూటిగా మూడు విషయాలు అడగమన్నారు. చేసిన పనికి ఫలితం ఎంత త్వరగా తెలుస్తోంది, బుర్ర మీద ఎంత భారం పడుతోంది, మధ్యలో ఎవరూ కదిలించకుండా పనిలో మునిగే వీలు ఉందా. మా రోజువారీ బాధలన్నీ ఈ మూడింట్లోనే ఉన్నాయి.

అలాగని అడిగి ఊరుకున్నా చాలదు. 2025లో ఏఐని పరీక్షించే మెటర్ అనే సంస్థ అనుభవజ్ఞులైన 16 మంది డెవలపర్లతో 246 పనులు చేయించి చూసింది. ఏఐ వాడుకోనిచ్చిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది, వాళ్లేమో 20 శాతం తగ్గిందనుకున్నారు. చిన్న అధ్యయనమే, కానీ మనిషి చెప్పేదీ సిస్టమ్ లాగ్ చెప్పేదీ పక్కపక్కన పెట్టి చూడాలని దీన్నిబట్టి అర్థమవుతుంది.

కాబట్టి కంపెనీల పెద్దలకు నా విన్నపం. మూడు నెలలకోసారి ఓ పది ప్రశ్నలు అడగండి. పేర్లు నిజంగానే బయటపడకూడదు, ఎంప్లాయీ ఐడీతో లాగిన్ అయి నింపే సర్వేలో అందరూ ఐదుకి నాలుగు వేసి బయటపడతారు. బిల్డ్‌కి, రివ్యూకి, యాక్సెస్‌కి ఎంతసేపు ఆగాల్సి వస్తోందో లాగ్‌ల నుంచి తీయండి, టీమ్ స్థాయిలోనే చూడండి, ఎవరి అప్రైజల్‌కీ ముడిపెట్టకండి. అన్నిటికంటే ఎక్కువమంది చెప్పిన ఒక్క సమస్యని ఆ మూడు నెలల్లో సరిచేసి, ఇదిగో చేశామని చెప్పండి. ఏమీ మారకపోతే రెండోసారి ఎవరూ నింపరు.

మీ పత్రికకూ ఒక మనవి. ఐటీ కంపెనీల అధిపతులతో ఇంటర్వ్యూలు వేసేటప్పుడు నియామకాలు, ప్యాకేజీలతో పాటు ఇది కూడా అడగండి: మీ దగ్గర కొత్తగా చేరినవాళ్లు రాసిన మొదటి మార్పు ప్రొడక్షన్‌లోకి, అంటే వినియోగదారులు వాడే సిస్టమ్‌లోకి వెళ్లడానికి ఎన్ని రోజులు పడుతోంది?

– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్