చక్రాసనం ఫొటో చూసి వెనక్కి వెళ్ళిపోతున్నారు

సంపాదకులకు నమస్కారం.

ఏటా జూన్ 21, యోగా దినోత్సవం దాటగానే మా కాలనీ పార్కుకు యోగా నేర్చుకోవడానికి కొత్తవాళ్ళు వస్తారు. ఆషాఢం గడిచేసరికి వాళ్ళలో సగం మంది కనిపించరు. దారిలో కలిసినప్పుడు అడిగితే "అదంతా మా వంటికి పడేది కాదులే మేడమ్" అంటారు. పడదని వాళ్ళకు చెప్పిందెవరు? ఒక రకంగా పత్రికలే చెప్పాయంటాను. యోగా దినోత్సవం రోజున ఏ పేపరు తిరగేసినా ఒకే రకం ఫొటో. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి విల్లులా వెనక్కి వంగి చక్రాసనం వేసి ఉంటుంది. ఆ పిల్ల సాధనను తక్కువ చేయడం లేదు. కానీ మోకాళ్ళలో గుజ్జు అరిగిందని డాక్టరు చెప్పిన యాభై ఏళ్ళ ఆవిడ ఆ ఫొటో చూసి పేపరు మడిచి పక్కన పెట్టేస్తుంది.

నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తెనాలిలో పొద్దున్నే ఆడవాళ్ళకు ఉచితంగా యోగా నేర్పుతున్నాను. ఈ ఉత్తరం యోగా వచ్చినవాళ్ళ కోసం కాదు, ఇంకా మొదలుపెట్టని వాళ్ళ కోసం.

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో ఈ దినోత్సవాన్ని ప్రకటించింది. 2015 నుంచి జరుపుకుంటున్నాం. ఆ రోజు అందరూ కలిసి చేయడానికి ఆయుష్ శాఖ వాళ్ళు 45 నిమిషాల క్రమం ఒకటి తయారు చేశారు. 2025లో విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది బారులు తీరి చేసింది దాన్నే. అందులో ప్రార్థన అయ్యాక మొట్టమొదట చేయించేది మెడ కదలికలు. ఆ తర్వాత భుజాలు, నడుము, మోకాళ్ళు. అవన్నీ అయ్యాకే తాడాసనం, అంటే నిటారుగా నిలబడి చేతులు పైకెత్తి మడమలు లేపడం. మీరు అచ్చువేసే చక్రాసనం ఆ 45 నిమిషాల్లో ఎక్కడా లేదు, నిలబడి నడుము పట్టుకుని వెనక్కి వంగే అర్ధ చక్రాసనం మాత్రమే ఉంది. శీర్షాసనమూ లేదు.

నా దగ్గరికి కొత్తగా వచ్చేవాళ్ళు మొదటిరోజు ఆసనాల గురించి అడగరు. కాఫీ తాగి రావచ్చా, చీరతో చేయొచ్చా, కింద కూర్చోలేకపోతే ఎలా, ఇవీ ప్రశ్నలు. కడుపు ఖాళీగా ఉండాలి. కాఫీ పడందే కళ్ళు తెరుచుకోని వాళ్ళు అర గ్లాసు తాగి, కాసేపు ఆగి రండి, నేనేమీ అనను. పంజాబీ డ్రెస్ అయితే సుఖం, చీరే అయితే కొంగు బిగించి దోపుకోవాలి. ఖరీదైన మ్యాట్ అక్కర్లేదు కానీ, నున్నటి టైల్స్ మీద దుప్పటి వేసి నిలబడితే జారుతుంది. జంపఖానా మేలు. కింద కూర్చోలేని వాళ్ళకు చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీ వేసి, దాన్ని గోడకు ఆనిస్తాను. మెడ, భుజాలు, చీలమండల కదలికలు, ప్రాణాయామం అన్నీ కుర్చీలోనే చేయొచ్చు. తాడాసనంలో తూలేవాళ్ళు వీపు గోడకు ఆనించి, మడమలు ఎత్తకుండా చేతులు మాత్రం లేపితే చాలు. ఆసనానికి యోగసూత్రాలు రాసిన పతంజలి పెట్టిన లక్షణాలు రెండే: స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి. వేళ్ళు పాదాలకు తగలాలని ఆయనెక్కడా అనలేదు.

కొత్తవాళ్ళందరిలో నేను చూసే ఇబ్బంది ఒకటే, ఊపిరి బిగపట్టడం. వంగమనగానే పళ్ళు బిగించి, ముఖం ఎర్రబడేదాకా పట్టి ఉంచుతారు. పైకి లేచేటప్పుడు గాలి పీల్చాలి, ముందుకు వంగేటప్పుడు వదలాలి. ఇది అలవాటు కావడానికే కొందరికి వారాలు పడుతుంది, పట్టనివ్వండి. నాడీశోధనలోనూ అంతే. ఎడమ ముక్కుతో పీల్చి కుడితో వదలాలి, మళ్ళీ కుడితో పీల్చి ఎడమతో వదలాలి, అదొక చుట్టు. లోపల ఆపి లెక్కపెట్టడాలు కొత్తవాళ్ళకు వద్దు. శవాసనంలో గురక పెడతారు కొందరు. పెట్టనిస్తాను. వాళ్ళకు ఇంట్లో ఆ ఐదు నిమిషాలు కూడా దొరకవు.

ఇక కపాలభాతి, అంటే పొట్టను లోపలికి కొడుతూ ముక్కుతో గాలిని వేగంగా బయటికి వదలడం. ఫోనులో వీడియో చూసి మొదలుపెట్టే వాళ్ళందరూ దీంతోనే మొదలుపెడతారు, పొట్ట తగ్గుతుందని. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ళు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్ళు, గర్భిణులు దీని జోలికి వెళ్ళకూడదు. మా ప్రాంతంలో నలభై దాటకముందే గర్భసంచి తీయించుకున్న వాళ్ళు చాలామంది. ఆపరేషన్ అయిన కొత్తలో పొట్టను అలా ఎగదన్నడం ప్రమాదం, ఆ మాట వీడియోలో వినిపించినా పట్టించుకునే వాళ్ళు తక్కువ. గ్లాకోమా ఉన్నవాళ్ళు తలకిందులుగా ఉండే ఆసనాలు వేస్తే కంటిలో ప్రెషర్ పెరుగుతుంది. డిస్కు జారిన వాళ్ళు పాదాలు అందుకోవాలని వంగకూడదు. రథసప్తమికి 108 సూర్య నమస్కారాలని ఎవరో పిలిస్తే, అప్పటిదాకా రోజూ పన్నెండు కూడా చేయని మనిషి వెళ్ళి చేయడం ఏమిటో నాకు అర్థం కాదు.

కాబట్టి వచ్చే జూన్‌లో గోడకు ఆనుకుని తాడాసనం వేస్తున్న ఒక పెద్దావిడ ఫొటో వేయండి. కుర్చీలో కూర్చుని ప్రాణాయామం చేస్తున్న తాతగారిది వేసినా మంచిదే. పక్కనే ఎవరు ఏది చేయకూడదో నాలుగు లైన్లు రాయండి. "యోగాతో షుగర్ మాయం" లాంటి శీర్షికలు మాత్రం దయచేసి వద్దు. అది చదివి మాత్రలు ఆపేసి వచ్చిన వాళ్ళను చూశాను. అలాంటి వాళ్ళను ముందు డాక్టరు దగ్గరికే పంపుతాను, చాప వేయించను. మందు తగ్గించాలో లేదో చెప్పాల్సింది ఆయన, నేను కాదు, పత్రికా కాదు.

ఉత్తరం పొడుగైందని తెలుసు. మీకు చోటు చాలక కత్తిరించాల్సి వస్తే కాఫీ, చీర సంగతులు తీసేయండి, కపాలభాతి పేరా మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
తెనాలి