చిన్న పెట్టె గురించి, అమ్మడికి

అమ్మడూ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. ఒక పెట్టె తేనెటీగలతో కిటకిటలాడుతోంది, రెండోదాంట్లో మూడు ఫ్రేముల (పట్టు కట్టే చెక్క చట్రాల) మీదే ఈగలున్నాయి, చలికాలం గడుస్తుందా అన్నావు. "చూద్దాంలే" అన్నాను. అలా చూద్దాంలే అనుకునే నా మొదటి రెండు పెట్టెలూ పోగొట్టుకున్నాను. రాత్రి నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

చిన్న పెట్టెకి పంచదార నీళ్ళు పోయడం తర్వాత సంగతి. అది ఎందుకు చిక్కిపోయిందో ముందు కనుక్కో. రాణి ముసలిదై గుడ్లు తగ్గాయా? పక్క పెట్టె ఈగలు దూరి తేనె దోచుకుపోతున్నాయా? ఈగల ఒంటికి అంటుకుని బతికే నల్లి పట్టిందా? మూత వేసిన పిల్లల గదులు లోపలికి కుంగి, చిల్లులు పడి ఉంటే ఒకదాంట్లో అగ్గిపుల్ల పెట్టి తిప్పి లాగు. గోధుమరంగు జిగురు తీగలా సాగిందంటే అది ఫౌల్‌బ్రూడ్, అంటే పిల్లల్ని కుళ్ళబెట్టే అంటురోగం, అయ్యుండొచ్చు. అప్పుడు ఆ పెట్టెలోంచి ఒక్క ఫ్రేము కూడా రెండోదాంట్లోకి పోకూడదు. మూసేసి వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

వరోవా అనే ఆ నల్లిని మాత్రం రెండు పెట్టెల్లోనూ లెక్కపెట్టాలి. అరకప్పు ఈగలు, అంటే సుమారు 300, సీసాలోకి తీసుకుని (రాణి అందులో లేదని రెండుసార్లు చూసుకో) పంచదార పొడి చల్లి, కాసేపాగి జాలీ మూతలోంచి దులిపితే నల్లులు రాలతాయి. తొమ్మిది దాటితే ఆలస్యం చెయ్యొద్దు, తేనె ఫ్రేములు తీసేసి మందు పెట్టు. ఎందుకింత తొందర అంటావేమో. వేసవి ఈగ బతికేది ఐదారు వారాలు. చలికి ముందు పుట్టే ఈగ నెలల తరబడి బతకాలి, అందుకే ఒంట్లో కొవ్వు దాచుకుంటుంది. నల్లి తినేది ఆ కొవ్వునే. అది గదిలో పిల్లగా ఉన్నప్పుడే నల్లి పట్టిందంటే, తర్వాత నువ్వు ఎంత మందు వేసినా ఆ ఈగకి పోయిన బలం తిరిగి రాదు.

రోగం లేదు, రాణే పనికిరాకుండా పోయింది అని తేలితే, ఆ పెట్టెని ఒంటరిగా చలికి వదలొద్దు. చలి ముదిరితే ఈగలన్నీ బంతిలా ముద్దకడతాయి. లోపలివి రెక్కలు కదపకుండానే కండరాలు వణికించి వేడి పుట్టిస్తాయి, బయటి వరసవి దుప్పటిలా కప్పి ఉంచుతాయి. బంతి పెద్దదైతే తలా కాస్త తేనె తిని వేడి కాచుకోవచ్చు. చిన్నదైతే దుప్పటికే ఈగలు చాలవు, ఇంక లోపల వణికేవి ఎన్ని? రెండంగుళాల దూరంలో తేనె ఉన్నా కదిలి వెళ్ళలేక చచ్చిపోతాయి. కాబట్టి బలమైనదాంతో కలిపెయ్యి. కలిపే ముందు చిన్న పెట్టె రాణిని తీసెయ్యాలి. తీసెయ్యడమంటే చంపడమే. నాకిప్పటికీ చెయ్యి ఆడదు, అయినా చేస్తాను.

రాణి కుర్రది, గుడ్లు బాగా పెడుతోంది, ఆలస్యంగా విడదీసిన గుంపు కాబట్టే చిన్నగా ఉంది అంటే అది వేరే కథ. ఐదు ఫ్రేముల బుల్లి పెట్టెలోకి మార్చి, బలమైన పెట్టె మీద రెండు పొరల జాలీ వేసి దానిపైన పెట్టు, బయటికి వేరే దారి ఉంచి. కింది వేడి పైకొస్తుంది, రెండు గుంపులూ కలవవు. నాకైతే ఇదే ఇష్టం, పెద్ద కుటుంబంలో పై అంతస్తు వాటా ఇచ్చినట్టుంటుంది.

ఇక ఆ బలమైన పెట్టె. దానికేం ఢోకా లేదనుకుంటున్నావు కదా. నేనూ అలాగే అనుకుని, రెండు ఫ్రేముల తేనె తీసి బలహీనమైనదానికి ఇచ్చాను. చలి తగ్గే రోజుల్లో రాణి మళ్ళీ గుడ్లు మొదలుపెట్టింది, తినే నోళ్ళు ఎక్కువ, తేనె అయిపోయింది. తెరిచి చూస్తే గదుల్లోకి తలలు దూర్చి వరసగా చచ్చి ఉన్నాయి. బలహీనమైనది అప్పటికే పోయింది. అందుకే పెట్టెని వెనకనుంచి కొద్దిగా ఎత్తి బరువు చూస్తుండు. చలి ఓ మోస్తరుగా ఉండేచోట 20 కిలోల తేనె, గట్టి చలి ఉండేచోట 30 కిలోలకి పైనే ఉండాలి. తక్కువైతే రెండు వంతుల పంచదారకి ఒక వంతు నీళ్ళు, తూకంలో కలిపి, సాయంత్రం పూట లోపలే పెట్టు. చుక్క ఒలికినా దోపిడీ మొదలవుతుంది, చిన్న పెట్టె ద్వారం ఒకటి రెండు ఈగలు పట్టేంత ఉంటే చాలు. రాత్రుళ్ళు బాగా చల్లబడ్డాక పంచదార నీళ్ళు పెట్టకు, వాటిని ఆరబెట్టుకోలేవు.

రాణి పైకి రాకుండా పెట్టిన జాలీ తీసెయ్యడం మర్చిపోకు, ఈగలు తేనె వెంట పైకి పోతే అది కింద ఒంటరిగా గడ్డకట్టుకుపోతుంది. ఎలుక దూరకుండా ద్వారానికి చిల్లుల రేకు కొట్టు. పెట్టె ముందుకి కాస్త వాలి ఉండాలి, పైమూత కింద వెచ్చగా ఏదైనా పరువు. లేకపోతే ఈగల ఊపిరి తడి మూతకి పట్టి వాటి మీదే చుక్కలుగా పడుతుంది.

ఆదివారం ఎండగా ఉంటే తెరిచి చూసి చెప్పు. పోతుటీగలు, అంటే మగ ఈగలు, ఇంకా తిరుగుతున్నాయేమో చూడు, బలమైనదాంట్లో ఉంటే మరీను. చలికి ముందు వాటిని తరిమెయ్యలేదంటే రాణి లేదేమో అని అనుమానించాలి.

రెండు పెట్టెల్నీ కలిపేటప్పుడు ఒకదానిమీద ఒకటి పెట్టి మధ్యలో న్యూస్‌పేపర్ ఒక్క షీటు వేసి నాలుగు గాట్లు పెట్టు. అవే కొరుక్కుంటూ కలుస్తాయి, ఈలోగా వాసనలు కలిసిపోతాయి కాబట్టి కొట్టుకోవు. మొదటిసారి నేను అతి జాగ్రత్తతో నాలుగు షీట్లు వేశాను. పైవి బయటికి రాలేక లోపల చేసిన గోల విని మీ అమ్మ పెట్టె దగ్గరికే రాలేదు.

నాన్న