కోనసీమ డ్రైన్ల గురించి జల వనరుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ జల వనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను 16 ఏళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. కరోనా తర్వాత ఇంటి నుంచే పని చేసుకునే వీలు దొరకడంతో భార్యాపిల్లలతో కోనసీమకు వచ్చేశాను. ఇది మా అమ్మమ్మ గారి ఊరు. తాతయ్య కట్టించిన పెంకుటిల్లు, చుట్టూ అరెకరం కొబ్బరి తోట, తోట వెనక డ్రైను, అంటే చేలల్లో మిగిలిన నీటిని బయటికి తీసుకెళ్లే కాలువ. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. నేను చెప్పబోయేది మా ఒక్క ఊరి గోడు కాదు.

మియాపూర్‌లో తొమ్మిదో అంతస్తులో ఉండేవాళ్లం. ఎండాకాలం వస్తే వాటర్ ట్యాంకర్ ఎప్పుడొస్తుందా అన్న టెన్షన్‌తోనే తెల్లవారేది. ఇక్కడికి వచ్చిన మొదటి రోజు పొద్దున్నే మా అమ్మాయి వీధి చివరి దాకా పరుగెత్తి వెనక్కి వచ్చి, "నాన్నా, ఎటు చూసినా నీళ్లే!" అంది. నిజమే. ఇంటి ముందు పంట కాలువ, దాని గట్టు మీద కొబ్బరి చెట్ల వరస, అవతల వరి చేలు. హైదరాబాద్ స్నేహితులకు ఫొటోలు పంపితే, మాకూ అక్కడ ఒక ఇల్లు చూడమని అడిగారు. వాళ్లలో ఇద్దరు నిజంగానే వచ్చి చూసి వెళ్లారు కూడా.

మొదటి ఏడాది అక్టోబరు దాకా నేను చూసిన కోనసీమ ఆ ఫొటోల్లో ఉన్నదే. ఆ నెలలో వాయుగుండం పట్టి మూడు రోజులు వాన కురిసింది. వాన తగ్గినా మా పెరట్లో నీళ్లు 11 రోజులు తీయలేదు. పక్క చేలో స్వర్ణ వరి అప్పుడే వెన్ను వేస్తోంది. అది నీళ్లలోనే పడుకుంది. నేను పంట కాలువ పొంగిందేమో అనుకున్నాను. పక్కింటి బాబాయి నన్ను డ్రైను గట్టు మీదికి తీసుకెళ్లి చూపించారు. నీళ్లు కనబడవు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గుర్రపుడెక్క, దాని మీద ఊదా రంగు పూలు. అంతకు ముందు వారమే నేను ఆ పూలకు ఫొటో తీసి బాగున్నాయని అందరికీ పంపాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

"నీళ్లివ్వడం ఒక ఎత్తండి బాబూ, ఇచ్చిన నీళ్లు తీసుకెళ్లడం ఇంకో ఎత్తండి. కాలవకి పసుపు కుంకుమ ఏత్తారు, డ్రైనుకెవరేత్తారండి?" అన్నారాయన. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ మాటే.

మంత్రి గారూ, మీ శాఖకు తెలియనివి కావు, అయినా మాలాంటి కొత్తవాళ్ల కోసం కొన్ని సంగతులు రాస్తాను. గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకూ మధ్య, వైనతేయకు రెండు పక్కలా ఉన్న ఈ నేల ప్రకృతి ఇచ్చింది ఇచ్చినట్టు ఇలా పచ్చగా లేదు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక, కాలువలు తవ్వి నీళ్లు తెచ్చాక అయిన పచ్చదనం ఇది. వైనతేయ మీదుగా కాలువనే దాటించి రాజోలు వైపు నీళ్లు పంపడానికి గన్నవరం దగ్గర అక్విడక్టు కట్టారు. తర్వాత దాని పక్కన కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవాళ్లకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన తల్లి పేరు, చేలకు నీళ్లు మోసే వంతెనకు పెట్టడం నాకు ఎంతో నచ్చింది. ఇలా వచ్చే నీటితో మధ్య డెల్టాలో, అంటే ఈ కోనసీమలో, సుమారు 2 లక్షల ఎకరాలు పండుతున్నాయి.

అయితే ఆ నీరు, దానికి తోడు వాన నీరు, తిరిగి నదిలోకో సముద్రంలోకో వెళ్లాలి కదా. ఆ పని డ్రైన్లది. ఇక్కడ నేల వాలు చాలా తక్కువ. కాబట్టి డ్రైన్లో రెండడుగుల పూడిక ఉన్నా పైన చేలల్లో నీరు నిలబడిపోతుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీరు బయటికి పోదు, పాటు వచ్చే దాకా ఆగాలి. గోదావరికి వరద వస్తే నది మట్టం డ్రైను కంటే పైన ఉంటుంది. అప్పుడు డ్రైను చివర నీటిని ఆపే స్లూయిజ్ తలుపులు దించకపోతే ఏటి నీరే ఊళ్లోకి ఎగదన్నుతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షలకే ఇస్తారు. అలాంటి రోజుల్లో ఆ తలుపులే ఊరికి కాపలా. అవి తుప్పు పట్టి సగంలో ఆగిపోతే, లేక డ్రైను సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి నోరు మూసుకుపోతే ఏమవుతుందో మా పెరడే చెబుతుంది.

జగ్గన్నతోట ప్రభల తీర్థం గురించి మీకు చెప్పాలా! కనుమ నాడు గంగలకుర్రు వైపు నుంచి, దేవుడి పేరున ఎత్తుగా కట్టి అలంకరించిన ప్రభలను భుజాల మీద మోస్తూ యువకులు కౌశిక అనే ఏట్లోకి దిగి, పీకల్లోతు నీళ్లలో దాటించే దృశ్యం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. 2023లో ఆ ప్రభలు గణతంత్ర దినోత్సవ శకటంగా ఢిల్లీ కర్తవ్యపథ్ మీద కూడా కదిలాయి. నేనూ నా పిల్లల్ని తీసుకెళ్లి చూపించాను. ఒడ్డున నిలబడ్డప్పుడు ఒళ్లు పులకరించింది. ఆ కౌశిక మీ శాఖ లెక్కల్లో ఒక మురుగు కాలువ. కోనసీమలో అందరూ ఫోన్లలో దాచుకునే ఆ దృశ్యం ఒక డ్రైన్లో జరుగుతోంది. డ్రైన్లను ఇంతకంటే పెద్ద మాటల్లో నేను చెప్పలేను.

రెండో ఏడాది నేనే ఊరుకోలేక ఆఫీసుకు వెళ్లాను. ఏ ఆఫీసో, ఎవరో రాయను, అక్కడ కూర్చున్న మనిషి మర్యాదగానే మాట్లాడారు. అంచనాలు పైకి పంపామన్నారు, టెండరు అవ్వాలన్నారు. ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేశారు, అంటే నీళ్లు ఆపేశారు. పని చేయడానికి సరైన రోజులు అవే. ఏప్రిల్ అయిపోయింది, మే అయిపోయింది. జూన్ మొదటి వారంలో, సార్వా (వానాకాలం పంట) కోసం కాలువలకు నీళ్లు వదిలాక, మా డ్రైను మీదికి పొక్లెయిన్ వచ్చింది. నాలుగు రోజులు గుర్రపుడెక్క లాగి గట్టు మీద వేసింది. అడుగున ఉన్న పూడిక జోలికి పోలేదు. గట్టు మీది డెక్క మొదటి గట్టి వానకు జారి మళ్లీ డ్రైన్లోకే వచ్చింది. కాగితం మీద మాత్రం ఆ పని పూర్తయినట్టే ఉంటుంది. నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది. ఎందుకంటే ఆ నాలుగు రోజులూ బాబాయి గొడుగు వేసుకుని ఆ మిషన్ పక్కనే నిలబడ్డారు.

ఆయన కౌలు రైతు. మూడెకరాలు చేస్తారు. పంట మునిగినా తేలినా భూమి యజమానికి బస్తాలు కొలవాల్సిందే. సార్వా పోతే దాళ్వా (రెండో పంట) మీద ఆశ పెట్టుకుంటారు. వరసగా రెండు సార్వాలు పోయాక ఆ పొలం యజమాని రొయ్యల చెరువుకు ఇచ్చేస్తానన్నాడు. అతన్నీ తప్పు పట్టలేను, మునిగే చేను ఎన్నాళ్లని ఉంచుకుంటాడు? కానీ ఒక్క చెరువు తవ్వితే దాని ఉప్పు ఊటతో చుట్టుపక్కల చేలు చౌడు బారుతాయి. ఆ చెరువు నీళ్లు వదిలేది మళ్లీ అదే డ్రైన్లోకి, కొన్నిచోట్ల చేలకు నీళ్లందించే పంట బోదెల్లోకే. పక్క రైతు కూడా ఇంకేం చేస్తాం అని చెరువు తవ్విస్తాడు. ఇలా ఒక చెడిపోయిన డ్రైను ఒక ఊరి వరిని మింగేస్తుంది. మా ఇంటి బోరు నీళ్లు కూడా ఈ మధ్య ఉప్పదనం తిరిగాయి. తాగడానికి క్యాన్లు కొంటున్నాం. ఏ ట్యాంకర్ బాధ తప్పుతుందని వచ్చామో, అదే బాధ క్యాన్ల రూపంలో మళ్లీ ఎదురైంది.

శంకరగుప్తం డ్రైను వైపు వెళ్లి చూడండి. పోటు నీరు ఎగదన్ని నిలబడి, కొబ్బరి చెట్లు తలలు వాల్చేసి మొండాలుగా మిగిలాయి. కొబ్బరి చెట్టును ఇక్కడ పెద్ద కొడుకుతో సమానంగా చూస్తారు. కాయలు దింపడానికి మనిషి వచ్చిన రోజు ఇంట్లో పండగలా ఉంటుంది. ఆ తోటలున్న వాళ్ల ముఖాలు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి దేశమంతా మాట్లాడుకుంది. అప్పటి ప్రభుత్వం దాని కారణాలు తెలుసుకోవడానికి మోహన్ కందా కమిటీని వేసింది. గిట్టుబాటు ధరతో పాటు ముంపు బాధ కూడా ఆ రోజు రైతులు గట్టిగానే చెప్పారు. 2022లో మళ్లీ కొన్ని మండలాల్లో అదే మాట వినపడింది. చల్లని నీళ్లు పారే డెల్టాలో రైతు నాట్లు వేయనని కూర్చున్నాడంటే అది ఎంత విసిగిపోతే వచ్చే మాటో, ఆ రోజుల్లో హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని వార్త చదివిన నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది. మా వీధిలో 22 ఇళ్లుంటే, వాటిలో తొమ్మిదింటిలో ఎవరో ఒకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారు. ఎక్కువ మంది ఆడవాళ్లే. అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలతో మా పిల్లలు ఆడుకుంటారు.

అందుకే ఒక మాట మనసులో ఉంచుకోమని వేడుకుంటున్నాను. ఊళ్లలోనే ఉండి ఐటీ ఉద్యోగాలు చేసుకునే ఏర్పాట్లు చేస్తామని మీ ప్రభుత్వం చెబుతోంది. టూరిజం పెంచుతామంటోంది, దిండి లాంటి చోట్ల రిసార్టులున్నాయి, ఇంకా వస్తాయి. మంచిదే, నేను వద్దనను, నేనూ అలా వచ్చినవాణ్ణే. కానీ మాలాంటి పది కుటుంబాలు రావడం చూసి ఊళ్లు కళకళలాడుతున్నాయని దయచేసి అనుకోకండి. నాకు జీతం బెంగుళూరు కంపెనీ నుంచి వస్తుంది. చేను మునిగినా నా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. నచ్చకపోతే పెట్టె సర్దుకుని వెళ్లిపోగలను. బాబాయి ఎక్కడికి వెళతారు? మేం చూసి మురిసిపోయి వచ్చిన ఆ పచ్చదనాన్ని ఏటా కష్టపడి నాటేది ఆయన.

నేను అడిగేది కొత్త పథకం కాదు. డ్రైన్ల పూడికతీతకు అంచనాలు, టెండర్లు సంక్రాంతికల్లా పూర్తి చేయించండి, కాలువలు కట్టేసిన మర్నాడే మిషన్లు దిగేలా చూడండి. ఈ ఒక్క పనీ సకాలంలో జరిగితే సగం బాధ తీరుతుంది. లాగిన డెక్కను గట్టు మీద వదలకుండా దూరంగా తరలించాలనే షరతు టెండర్లోనే రాయించండి. డెక్క తీయడం వేరు, పూడిక తీయడం వేరు. రెండింటినీ విడివిడిగా కొలిచి బిల్లు ఇవ్వమనండి. మొగల దగ్గర ఇసుక మేటలు ఏటా వస్తూనే ఉంటాయి కాబట్టి, ఒకసారి తవ్వి వదిలేస్తే కుదరదు. స్లూయిజ్ తలుపులు వానాకాలానికి ముందే ఎత్తి దించి, ఊరివాళ్ల ఎదుట పరీక్షించాలి.

1997 చట్టంతో వచ్చిన, రైతులే సభ్యులుగా ఉండే నీటి సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఆ సంఘాల సంతకం లేకుండా డ్రైను పని పూర్తయిందని రాయకూడదు అంటే చాలు, మాకు కొండంత బలం. వరి చేలల్లో అనుమతి లేకుండా చెరువులు తవ్వకుండా ఆపడం మీ శాఖ ఒక్కదాని వల్ల కాదని తెలుసు. మత్స్య శాఖ, రెవెన్యూ శాఖ కూడా కదలాలి. మీరు పిలిస్తే వాళ్లు కూర్చుంటారు. ఏ డ్రైన్లో ఎన్ని కిలోమీటర్ల పని, ఎంత డబ్బు, ఎప్పుడు పూర్తి అన్నది గ్రామ సచివాలయం గోడ మీద తెలుగులో రాయించండి. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

మా వంతుగా మేమూ ఊరికే కూర్చోలేదు. ఊళ్లో ఐదుగురం కలిసి ఫోన్లలోనే డ్రైను పొడవునా ఎక్కడెక్కడ అడ్డు ఉందో, ఎక్కడ గట్టు ఆక్రమించారో, ఏ తూము పూడిపోయిందో మ్యాపు గీశాం. బాబాయి ముందు నడుస్తూ చూపించారు, మేం గుర్తులు పెట్టాం. నాకు తెలిసిన పని అదే కాబట్టి అది చేశాను. ఆ మ్యాపు ప్రింటు తీసి, మీ కార్యాలయానికి ఈ ఉత్తరంతో పాటు విడిగా పంపిస్తున్నాను.

ఏప్రిల్ ఆఖరులో, కాలువలు ఎండి ఉన్న రోజుల్లో ఒక్కసారి రండి. పొద్దున ఆరింటికి బయల్దేరితే ఎండ ముదిరేలోగా మా చేల నుంచి స్లూయిజ్ దాకా గట్టు మీద నడిచి రావచ్చు. బాబాయి దారి చూపిస్తానన్నారు.

ఇట్లు,
కోనసీమకు తిరిగొచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి