మత్తడి లెక్కలో వాన ఏది? నీటిపారుదల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర నీటిపారుదల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోని గొలుసుకట్టు చెరువుల (ఒకటి నిండితే కిందిదానికి నీరు పారే చెరువుల) మత్తళ్లను, అంటే నిండిన చెరువు నుంచి మిగులు నీరు దుంకే అలుగులను, ఇప్పటి వానలకు తగ్గట్టు మళ్లీ లెక్కగట్టించమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం.

మత్తడి పొడవు తేల్చడానికి మన వైపు ఎక్కువగా వాడే రైవ్స్ సూత్రం 1884 నాటిది. చెరువులోకి వాననీరు పారివచ్చే నేల విస్తీర్ణాన్ని (పరీవాహక విస్తీర్ణం) మూడింట రెండు ఘాతానికి హెచ్చించి, ఒక గుణకంతో గుణిస్తే గరిష్ఠ వరద వస్తుంది. విస్తీర్ణం 8 చదరపు కిలోమీటర్లు, గుణకం 8.5 అనుకుందాం. 8కి ఆ ఘాతం 4 (ఘనమూలం 2, దాని వర్గం 4). నాలుగు ఎనిమిదిన్నరలు 34. అంటే సెకనుకు 34 ఘనపు మీటర్లు, సుమారు 1,200 క్యూసెక్కులు. ఈ లెక్కలో వాన ఎక్కడుందో చూడండి. గంటకు ఎంత కురిసిందో లేదు, ఏ కాలంలో కురిసిందో లేదు. వానంతా ఆ 8.5లోనే దాగి ఉంది. హైదరాబాద్ సంస్థానంలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ మన దక్కన్ నేల కోసం కట్టిన సూత్రం కూడా విస్తీర్ణం మీదే నడుస్తుంది. వాళ్లను తప్పుపట్టలేం. నిన్న కురిసినట్టే రేపూ కురుస్తుందన్నది ఆనాటికి సరైన ఊహే. ఇప్పుడు ఆ ఊహే చెల్లడం లేదు.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. భారీ వాన జోరు దాదాపు ఇదే లెక్కన పెరుగుతుంది. ప్రపంచం మొత్తం మీద ఏడాది వాన మాత్రం డిగ్రీకి 2, 3 శాతానికి మించి పెరగదు, ఎందుకంటే నేల మీది, సముద్రం మీది నీరు ఆవిరవడానికి అందే శక్తికి హద్దుంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెడితే సంగతి తేలిపోతుంది: కురిసినప్పుడు కుండపోత, మధ్యలో పొడవైన ఎండు రోజులు. ఉమ్మడి పాలమూరు, నల్లగొండల్లో ఏడాది సగటు 600 నుంచి 750 మిల్లీమీటర్లు. ఆ సగటు కదలకపోయినా కట్టలు తెగవచ్చు. కట్టను తెంపేది ఒక రాత్రి మూడు గంటల వాన, ఏడాది సగటు కాదు. 'జిల్లాలో సాధారణ వర్షపాతం' అన్న నివేదిక అందుకే చెరువుకు పనికిరాదు.

2021లో వచ్చిన ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం) నివేదిక ప్రకారం, పాతకాలంలో పదేళ్లకోసారి పడే భారీ వాన భూతాపం 1.5 డిగ్రీలు పెరిగితే 1.5 రెట్లు, 2 డిగ్రీలు పెరిగితే 1.7 రెట్లు తరచుగా వస్తుంది. ఇది ప్రపంచంలోని నేలంతటికీ కలిపి వేసిన లెక్క. నేరుగా తెచ్చి నల్లగొండ జిల్లా నకిరేకల్‌కు అంటించకూడదు.

'యాభై ఏళ్లకోసారి వచ్చే వరద' అన్న మాటనూ అధికారులు తరచూ పొరపడతారు. ఒకసారి వచ్చిందంటే ఇక యాభై ఏళ్లు నిశ్చింత అని కాదు. ఏటా 2 శాతం అవకాశం ఉందని. 30 ఏళ్లలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం 45 శాతం. అదే వరద 25 ఏళ్లకోసారి వచ్చేదిగా మారితే 71 శాతం. కట్ట అదే, మత్తడి అదే, ప్రమాదం మాత్రం బొమ్మా బొరుసూ స్థాయి దాటిపోయింది.

ఇక ముందు చెప్పిన 8 చదరపు కిలోమీటర్ల చెరువునే తీసుకుందాం. నేల తీరును బట్టి పడిన వానలో 40 శాతం పారుతుందనుకుంటే, గంటకు 40 మిల్లీమీటర్ల వానకు వరద సెకనుకు సుమారు 36 ఘనపు మీటర్లు. రైవ్స్ అంకెతో చక్కగా సరిపోయింది. గంటకు 60 మిల్లీమీటర్లయితే 53. మత్తడి పొడవు 43 మీటర్లయితే, 34 ఘనపు మీటర్ల వరద మత్తడి మీద 60 సెంటీమీటర్ల ఎత్తున దుంకుతుంది. 53కి 81 సెంటీమీటర్లు. పెరిగిన 21 సెంటీమీటర్లు నీటిమట్టానికీ కట్ట పైభాగానికీ మధ్య వదిలిన ఖాళీలోంచే పోతాయి. అదే మత్తడిని ఒక పక్క ఆక్రమించి 30 మీటర్లకు కుదించారనుకోండి, నీరు 103 సెంటీమీటర్లకు లేస్తుంది. ఆ పైన నీళ్లు ఎక్కువ నిలవాలని 30 సెంటీమీటర్ల ఇసుక బస్తాలు, చేపలు పోకుండా అడ్డంగా జాలీ, దానికి పట్టిన గుర్రపుడెక్క! మట్టికట్ట మీద నీళ్లు పొర్లడం మొదలైతే తెగడానికి ఎంతోసేపు పట్టదు. పూడికతీత మంచి పనే గానీ, దానితో చెరువు లోతు పెరుగుతుంది తప్ప మత్తడి దాటించే నీరు పెరగదు.

గొలుసుకట్టులో ఇంకో చిక్కుంది. పై చెరువు కొంత వరదను ఆపుతుందన్న లెక్కతో కింది చెరువు వరదలో కొంత తీసేస్తారు. పై కట్ట తెగితే ఆపడం సంగతి అటుంచి, నిలవ ఉన్న నీరంతా ఒక్కసారి మీద పడుతుంది. లెక్క పైనుంచి కిందికి, పై చెరువు తెగితే ఏమవుతుందో కూడా చూసుకుంటూ నడవాలి.

కొత్త లెక్క ఎలాగంటే, ప్రతి వాన కేంద్రంలో ఏటా 15 నిమిషాలకు, గంటకు, మూడు గంటలకు, రోజుకు పడిన అత్యధిక వానను తీసుకుని, గరిష్ఠ విలువల సంభావ్యతా వక్రాన్ని (ఎంత వాన ఎన్నేళ్లకోసారి రావచ్చో చెప్పే గీతను) అమర్చాలి. ఆ వక్రం ఏళ్లు గడిచినా కదలదనుకోకుండా, తాపంతో పాటు జరగనివ్వాలి. ఒక్క కేంద్రంలో పదీ పదిహేనేళ్ల అంకెలతో వందేళ్ల వానను చెప్పబోతే నవ్వులపాలవుతాం. కాబట్టి ఒకే తీరున్న చుట్టుపక్కల కేంద్రాలను కలిపి చూడాలి.

అంకెల్లోనూ మోసం ఉంటుంది. రోజు వానను ఉదయం ఎనిమిదిన్నరకు కొలుస్తారు. తెల్లవారుజామున ఆరింటికి మొదలై పదకొండుకు ఆగిన వాన రెండు రోజుల ఖాతాలో పడి సగమై కనిపిస్తుంది. అందుకే రోజు గరిష్ఠాన్ని సుమారు 1.13తో గుణించి సరిచేయడం వాడుక. స్వయంచాలక కేంద్రాల్లో నిండిన ప్రతిసారీ తిరగబడి వానను లెక్కించే గిన్నె జోరువానలో తక్కువ లెక్కిస్తుంది, ఆకులు, రెట్టలు పడితే అసలే లెక్కించదు. మండల సగటు తీశారంటే, అయిదారు కిలోమీటర్ల వెడల్పున కురిసిన కుండపోత మాయమైపోతుంది.

భవిష్యత్తుకు కంప్యూటర్ మీద నడిచే వాతావరణ నమూనాలు కావాలి. అవి నేలను గళ్లుగా విడగొట్టి లెక్కిస్తాయి. వాటిలో చాలావాటికి ఒక్కో గడి వంద కిలోమీటర్లు, ఉరుముల మబ్బు అందులో ఇమడదు. అవి చిరుజల్లు ఎక్కువ రోజులు చూపి, కుండపోతను తగ్గిస్తాయి. కాబట్టి ఒక్క నమూనాను నమ్మకుండా పది పన్నెండింటిని తీసుకుని, ఇక్కడి పాత కొలతలతో సరిచేసి, వాటి మధ్య తేడాను దాచకుండా పట్టికలో చూపాలి. పై అంకె ఏదో, కింది అంకె ఏదో తెలిస్తే కట్ట ఎంత ఎత్తు పెంచాలో ఇంజినీరు తేల్చుకోగలడు.

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 వానలకు సూర్యాపేట జిల్లా కోదాడలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, నాగార్జునసాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. అందుకే మేం అడిగేది ఇదీ. 15 నిమిషాల వాన అంకెలను అందరికీ తెరిచి ఉంచండి. మత్తడి పనుల అంచనాలో వరద లెక్క పేజీ లేకపోతే మంజూరు చేయవద్దు. పదేళ్లకోసారి వాన వక్రాలను తిరిగి గీయించండి. కట్ట కింద ఊరున్న చెరువులను ముందు పట్టండి. మొదటి పనికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. మత్తడి అసలు పొడవెంతో, ఇప్పుడు మిగిలిందెంతో, కట్ట పైమట్టం ఎంతో టేపుతో, లెవెల్ యంత్రంతో కొలవడమే. అది చెరువులు ఎండి ఉండే ఏప్రిల్, మే నెలల్లోనే సాధ్యం.

ఇట్లు,
దక్షిణ తెలంగాణ గణిత అధ్యాపకులు, విశ్రాంత నీటిపారుదల ఇంజినీర్లు