క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ నగర మేయర్ గారికి బహిరంగ లేఖ

మేయర్ గారూ, నమస్కారం. దాదాపు 2 కిలోమీటర్ల మీ కోటగోడ మీద నడుస్తుంటే ఒకపక్క సముద్రం, ఇంకోపక్క ఎర్ర పెంకుటిళ్లు, వాటిలో కొత్తగా మెరిసే పెంకులు చాలావరకు 1991-92లో యుగోస్లావ్ సైన్యం చేసిన ముట్టడిలో దెబ్బతిన్న కప్పుల మీద మళ్లీ వేసినవని తెలిసి మనసు బరువెక్కింది. కింద ఒకావిడ దండెం మీద బట్టలు ఆరేసుకుంటుంటే పైనుంచి జనం ఫోన్లలో ఫొటోలు తీస్తున్నారు! అక్కడ కాపురం ఉండేవాళ్లకు అదెంత ఇబ్బందో కదా. ఒకేసారి రెండు క్రూయిజ్ ఓడలే రావాలన్న మీ పరిమితి చాలా మంచిది, ఎవరు ఒత్తిడి తెచ్చినా దాన్ని సడలించకండి. గోడ మీద నీడ బాగా తక్కువ, పెద్దవాళ్లు కూర్చోడానికి కాస్త ఏర్పాటు చేయండి. 15వ శతాబ్దపు ఒనోఫ్రియో ఫౌంటెన్ నీళ్లు ఇప్పటికీ తాగొచ్చని టికెట్ మీదే రాయించండి, ప్లాస్టిక్ సీసాలు సగం తగ్గుతాయి.