దసరా పెట్టెలు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

అందరికీ నమస్కారమండీ. దసరాకని మా దగ్గర పూతరేకులు చెప్పి, పండగ వెళ్లిపోయినా పెట్టె అందనివాళ్లు మీలో ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. ఫోన్ చేసినవాళ్లకి మా వదిన "కారు రిపేరుకిచ్చామండీ, రెండ్రోజుల్లో పంపేస్తాం" అని చెప్పింది. అది నిజం కాదు. అలా చెప్పమన్నది నేనే, తప్పు నాది. సెప్టెంబర్ 19, శుక్రవారం పొద్దున్న నేను కారుతో ఒక పెద్దాయన్ని గుద్దాను. ఆయన కాలు విరిగింది. ఆ రోజుకి నా కారుకి ఇన్సూరెన్స్ లేదు, అయిపోయి 39 రోజులైంది, ఆ సంగతి ఆసుపత్రిలో కానిస్టేబుల్ గారు చెబితేనే నాకు తెలిసింది. మీరు అడ్వాన్సులు కట్టి ఎదురుచూస్తున్నారు కాబట్టి మొత్తం చెప్పాలి.

రోజూలాగే ఆత్రేయపురం నుంచి బొబ్బర్లంక వైపు కాలవగట్టు రోడ్డు మీద వెళ్తున్నాను. బ్యారేజీ దాటి తొమ్మిదిలోపు రాజమండ్రిలో కొరియర్ ఆఫీసుకి చేరితే హైదరాబాద్ పెట్టెలు ఆ రోజే వెళ్తాయి. వెనక సీటు మడిచేసి 46 పెట్టెలు పేర్చాను. పక్క సీట్లో ఫోన్ మోగింది. ఎత్తలేదు, కానీ ఎవరా అని అటు చూశాను. మళ్లీ రోడ్డు మీదకి చూసేసరికి కారు కుడిపక్కకి వచ్చేసింది, ఎదురుగా టీవీఎస్ ఎక్సెల్ మీద రెండు అరటి గెలలు కట్టుకుని రావులపాలెం మార్కెట్టుకి వెళ్తున్న పెద్దాయన. బ్రేకు తొక్కాను, అప్పటికే తగిలింది. ఆయన తప్పు ఇసుమంతైనా లేదు, ఆయన తన పక్కనే, నెమ్మదిగా వస్తున్నారు.

ఒక గెల కాలవలో పడింది. రెండోది తాడుతో బండికే వేలాడుతోంది, ఎక్సెల్ హెడ్‌లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. వెనక పెట్టెలన్నీ ముందుకొచ్చి చిట్లిపోయాయి, నేను డోరు తీయగానే రేకుల ముక్కలు గాలికి లేచి రోడ్డంతా పడ్డాయి. ఆయన కాలు పట్టుకుని కూర్చున్నారు. అరవలేదు. "అమ్మా, ముందు నా బండి పక్కకి తీయించండి, వెనకాల లారీలొస్తాయి" అన్నారు. నా చేతులు వణికి 108 కూడా సరిగ్గా నొక్కలేకపోతే, గట్టు మీద గడ్డి కోసుకుంటున్న కుర్రాడు వచ్చి ఫోన్ తీసుకుని వాడే చేశాడు. అంబులెన్సు వెనకాలే ఇంకొకరి బండి మీద నేనూ ఆసుపత్రికి వెళ్లాను. కొందరు నేను అక్కణ్నుంచి వెళ్లిపోయానని అనుకుంటున్నట్టు విన్నాను, వెళ్లలేదండీ.

పదకొండింటికి కానిస్టేబుల్ గారు వచ్చి లైసెన్సు అడిగారు, ఇచ్చాను. ఇన్సూరెన్స్ కాగితం కారులోనే ఉంది, తెప్పిస్తానన్నాను. అక్కర్లేదమ్మా అని తన ఫోన్లో బండి నంబరు కొట్టి, స్క్రీన్ నా వైపు తిప్పారు. ఇన్సూరెన్స్ ఎదురుగా 11-08-2025 అని ఉంది. "ఇది అయిపోయి నెల దాటింది కదమ్మా" అన్నారు. కాదండీ, మాది మూడేళ్లది, ఏటా కడుతున్నాం కూడా అని నేను వాదించాను, నిజంగా అలాగే నమ్మాను కాబట్టి. సాయంత్రం కారులోంచి కాగితాలు తెచ్చుకుని చదివితే కానిస్టేబుల్ గారు చెప్పిందే నిజం.

ఎలా అయిందో చెబుతాను, ఎందుకంటే మీలో చాలామంది కార్లూ బండ్లూ ఇలాగే కొనుంటారు. మా కారు 2022 ఆగస్టు 12న కొన్నాం. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారు కొంటే మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, కొత్త టూ వీలర్ కొంటే ఐదేళ్లది ముందే తీసుకోవాలి, అది మనం గుద్దిన అవతలి మనిషికి. మన కారుకి దెబ్బ తగిలితే ఇచ్చేది వేరే, నాది ఒక ఏడాదికే ఉంది, దాన్ని ఏటేటా కట్టాలి. అంటే ఒకే కాగితంలో రెండు తేదీలు. 2023లో, 2024లో ఆగస్టు రాగానే షోరూమ్ కుర్రాడు ఫోన్ చేసేవాడు, నేను డబ్బు పంపేదాన్ని, కాగితం వాట్సాప్‌లో వచ్చేది. ఈ ఏడాది ఆ రెండూ ఒకే రోజు, ఆగస్టు 11 అర్ధరాత్రి అయిపోయాయి. ఫోన్ రాలేదు. ఆ కుర్రాడు ఉద్యోగం మానేశాడట. గుర్తుచేస్తూ కంపెనీ పంపే మెసేజీలు నాకెందుకు రాలేదా అని చూస్తే, పాలసీలో ఉన్న మొబైల్ నంబరు నాది కాదు, కారు కొన్న రోజు "ఓటీపీల గొడవ మీకెందుకు మేడం" అని అతను వేసిన తన నంబరు. నేను చూసే సంతకం పెట్టాను. ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం, శ్రావణమాసం పెళ్లి సారెలు, అప్పుడు మేం రాత్రి ఒంటిగంట దాకా రేకులు చుడుతున్నాం. తేదీ నా బుర్రలో లేనే లేదు. పని ఒత్తిడి అని చెప్పుకుంటే ఆయన కాలు అతుక్కోదు. కారు నాది, తేదీ చూసుకోవాల్సింది నేను.

ఎంత కట్టాల్సిందో కూడా చెబుతాను. మాది 1200 సీసీ కారు. ఆ సైజు కారుకి 2025 ఆగస్టులో ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు, జీఎస్టీతో కలిపి 4,031 ఉండేది. మా దగ్గర మంచి నెయ్యి ఒక డబ్బాకి అంతకన్నా ఎక్కువే పెడతాం.

ఆ రాత్రి తెలిసినవాళ్లందరూ తలో మాట చెప్పారు. నెల రోజులు గడువుంటుంది కదా అన్నారు ఒకరు. ఆ గడువు జీవిత బీమాకి, బండికి లేదు, చివరి తేదీ అర్ధరాత్రి దాటితే లేనట్టే. ఇంకొకరు 90 రోజులుంటుందన్నారు. అది క్లెయిమ్ లేకుండా ఉన్నవాళ్లకిచ్చే డిస్కౌంటు పోకుండా ఉండటానికి, మధ్యలో జరిగినదానికి పైసా రాదు. ఒకాయనైతే, పేరు చెప్పను, "ముందు తేదీతో పాలసీ చేయిస్తాను, ఇరవై వేలు చూసుకోండి" అన్నారు. పాలసీ మీద తేదీతో పాటు గంటా నిమిషం కూడా ఉంటాయి, డబ్బు చేతికందాకే కంపెనీకి పూచీ మొదలవుతుంది. అవన్నీ తర్వాత తెలుసుకున్నాను. అప్పటికి నాకు తెలిసిందల్లా, పెద్దాయన పక్క వార్డులో పడుకుని ఉన్నారని. వద్దని చెప్పాను. మా ఇంట్లోవాళ్లే ఒకరు నడిపింది వేరేవాళ్లని రాయిద్దామన్నారు, దానికీ వద్దన్నాను.

కేసు అయింది. అజాగ్రత్తగా నడిపి మనిషికి దెబ్బ తగిలించినందుకు ఒకటి, ఇన్సూరెన్స్ లేని బండి నడిపినందుకు ఒకటి. ఈ రెండోదానికి మొదటిసారైతే 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకూ జైలు, రెండూ వేసినా వేయొచ్చు. కోర్టు తేదీ ఇంకా రాలేదు. కారు స్టేషన్ దగ్గరే ఉంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి చూసి వెళ్లారు. మామూలుగా అయితే అది అయ్యాక బండి ఇచ్చేస్తారు, ఇన్సూరెన్స్ లేదు కాబట్టి కోర్టులో సెక్యూరిటీ కడితేనే వదులుతారని లాయరు గారు చెప్పారు. పెద్దాయన యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌కి వెళ్తే, వాళ్లు ఎంత ఇవ్వమంటే అంత కంపెనీ కాదు, నేనే ఇవ్వాలి.

ఇక్కడ ఒక సంగతి. ఊళ్లో పెద్దమనుషులు మంచికే కూర్చోబెట్టారు. ఒకేసారి కొంత ఇచ్చేసి, ఇక ఏమీ అడగమని వాళ్ల చేత కాగితం రాయించుకుందాం అన్నారు. పెద్దాయన భార్య ఒక మూల నిలబడి ఉంది, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. "మా ఆయన కాలు నిలబడితే చాలండి, మీరేం ఇస్తే అది తీసుకుంటాం ఆయ్" అంది. ఆవిడకి తన హక్కేమిటో ఎవరూ చెప్పలేదని నాకప్పుడు అర్థమైంది. కాగితం రాయించుకోనన్నాను. ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్లో వేసుకోవచ్చని, నేను ఇప్పుడిస్తున్నది దానికి అడ్డం రాదని, వాళ్లబ్బాయిని వేరే లాయరు దగ్గరికి వెళ్లమని నేనే చెప్పాను. మా లాయరు గారికి అది నచ్చలేదు. నాకు వేరే దారి కనపడలేదు.

ఆయన కౌలు రైతు. ఎకరంన్నర అరటి. మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగితే రాడ్ వేశారు. ఆసుపత్రికి ఇప్పటిదాకా 1,72,000 కట్టాను, ఎక్సెల్ బాగుకి 14,000. ఆయన లేచి పనికెళ్లేదాకా నెలకి 15,000, గెలలు కోసే కూలి కూడా నేనే ఇస్తున్నాను. నా గాజులు పెట్టి రెండు లక్షలు తెచ్చాను. నెయ్యికి, జీడిపప్పుకి దీపావళి ముందు పెట్టాల్సిన డబ్బు కూడా ఇందులోకి వెళ్లింది. మీ అడ్వాన్సులు ముట్టుకోలేదు, అవి వేరే ఖాతాలో అలాగే ఉన్నాయి. రేకులు తీసే ఆరుగురు, చుట్టే ఇద్దరు, వాళ్లకి వారం వారం ఇచ్చేది ఒక్క రూపాయి తగ్గలేదు. పొయ్యి ముందు గంటలకొద్దీ కూర్చుని వేడి కుండ మీద తడిగుడ్డ ఆడించి కాగితంలాంటి రేకు తీసే మనిషి, నా పొరపాటుకి నష్టపోకూడదు.

ఇంకొకటి కూడా బయటపెట్టాలి. పాలసీ మొత్తం మొదటిసారి చదివితే, సొంతానికి వాడుకునే కారులో మన సామాను, శాంపిళ్లు తప్ప సరుకు మోయకూడదని అందులోనే రాసి ఉంది. మూడేళ్లుగా నేను మోస్తున్నది సరుకే. అంటే ఇన్సూరెన్స్ బతికే ఉన్నా గొడవ పడాల్సి వచ్చేదేమో. అందుకని కారు బయటికి వచ్చినా ఇక దాంట్లో పెట్టెలు ఎక్కించను. ఇప్పుడు వారానికి మూడు రోజులు ట్రాలీ ఆటో మాట్లాడాం, కాగితాలన్నీ చూశాకే. అన్ని తేదీలూ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాసి కొట్లో తగిలించాను, మా ఇంటి నంబర్లే అన్ని పాలసీల్లో పెట్టించాను. ఎమ్‌పరివాహన్ యాప్‌లో మీ బండి నంబరు కొడితే ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది, ఇది చదువుతున్నప్పుడే ఒకసారి కొట్టి చూడండి, మీ నాన్నగారి స్కూటర్‌కి కూడా.

ఇక మీ పెట్టెల సంగతి. మిగిలిన పద్నాలుగు మందికీ నేను ఒక్కొక్కరికే ఫోన్ చేస్తున్నాను. పెట్టె కావాలంటే ఈ శుక్రవారం ఆర్టీసీ కార్గోలో రావులపాలెం నుంచి వేస్తాం, వద్దంటే డబ్బు ఆ రోజే వెనక్కి వేస్తాం, పండగకి అందక ఇబ్బంది పడ్డందుకు మీరు ఎంత కోప్పడినా వింటాను. చిట్లిన పెట్టెలు ఎవరికీ పంపలేదు, పంపం. దీపావళికి ఈసారి 150 పెట్టెలే తీసుకుంటాం, బెల్లం రేకులు, పంచదార రేకులు మాత్రమే. డ్రైఫ్రూట్‌వి లేవు, దానికి పెట్టే డబ్బు లేక. ధర పెంచడం లేదు. అమెరికా పార్శిళ్లు కార్తీకమాసం వెళ్లేదాకా ఆపేశాం, ముందే కట్టినవాళ్లకి వెనక్కి ఇచ్చేస్తున్నాం. సాయం చేస్తామని కొంతమంది డబ్బు పంపబోయారు, మనసారా దండాలు, కానీ వద్దండీ.

పొద్దున్న ఏడు నుంచి పది మధ్య ఎవరూ ఫోన్ ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి, పెట్టెలు వేసొచ్చాక చేస్తాను. నవంబర్ మొదటి వారంలో ఆయనకి ఎక్స్‌రే ఉంది, ఎముక అతుక్కుందో లేదో అప్పుడు చెబుతారు. ఆ రోజు నేను వాళ్లతో రాజమండ్రిలో ఉంటాను, కొట్టు మా వదిన చూస్తుంది.