రెండో బ్రేకు దగ్గర కూర్చున్నవాళ్లు డ్రైవరు కాదా?

సంపాదకులకు నమస్కారం.

నా వయసు 46. విజయనగరంలో ఉంటాను. నెల్లిమర్ల దాటాక ఒక పల్లెలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. మా అత్తగారిని నెలకు రెండుసార్లు విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంటి నుంచి కాంప్లెక్సుకి ఆటో, అక్కడి నుంచి బస్సు, దిగాక మళ్లీ ఆటో. అన్నిసార్లు ఎక్కడం, దిగడం ఆవిడ మోకాళ్ల వల్ల కావడం లేదు. కారు నేర్చుకుంటే ఈ బాధ తప్పుతుందని ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు) తీసుకుని, ఒక డ్రైవింగ్ స్కూల్లో 21 రోజుల కోర్సులో చేరాను.

పదకొండో రోజు పొద్దున్న ప్రమాదం జరిగింది. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి ఎవరి పేర్లూ రాయడం లేదు.

నేర్పే కారులో ట్రైనరు కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. స్టీరింగు, యాక్సిలరేటరు నేర్చుకునేవాళ్ల వైపే. ఆ రోజు నెల్లిమర్ల రోడ్డు మీద తిరిగి ఊళ్లోకి వస్తున్నాం. ఎదురుగా లారీ వచ్చింది. నాకు టెన్షన్ పుట్టి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీశాను, బ్రేకు మీదకి ఇంకా పెట్టలేదు. అప్పటిదాకా ఫోనులో మాట్లాడుతున్న ట్రైనరు తల ఎత్తి, 'లెఫ్ట్, లెఫ్ట్' అంటూ కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని ఎడమకి లాగేశాడు. తన బ్రేకు తొక్కలేదు. ఎడమ పక్క మార్జిన్ మీద ఒక రైతు రెండు బుట్టల వంకాయలు ఎక్సెల్ బండికి కట్టుకుని రైతుబజారుకి వస్తున్నారు. మా కారు ఆయన హ్యాండిల్‌కి తగిలింది. వంకాయలన్నీ రోడ్డు పాలు. ఆయన కాలు బండి కింద పడి ఎముక విరిగింది.

నా తప్పు లేదని రాయడానికి ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. స్టీరింగు మీద నా రెండు చేతులూ ఉన్నాయి. కాలు బ్రేకు మీదకి వెంటనే వెళ్లాల్సింది. అతను లాగినప్పుడు నేను గట్టిగా పట్టుకోవాల్సిందా, వదిలేయాల్సిందా అన్నది మాత్రం ఈ రోజుకీ నాకు తేలలేదు. ట్రైనరు లాగితే వదిలేయమని పదిరోజులుగా అతనే నేర్పాడు.

స్టేషన్లో, 'బండి ఎవరు నడుపుతున్నారు?' అని అడిగారు. ఇద్దరం నడుపుతున్నామన్నాను. 'ఒక బండిని ఇద్దరు ఎలా నడుపుతారు మేడమ్, ఒక పేరు చెప్పండి' అన్నారు. డ్రైవింగ్ స్కూల్ ఓనరు నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. డ్రైవర్ సీట్లో ఉన్నది మేడమే అని చెప్పాడు. ట్రైనరు నేల చూపులు చూశాడు గానీ నోరు విప్పలేదు. తెల్లవారుజాము నుంచి ఒకరి తర్వాత ఒకరికి నేర్పే కుర్రాడు, ఓనరు ముందు ఏం మాట్లాడతాడు? భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 281 (నిర్లక్ష్యంగా బండి నడపడం), 125 (బి) (నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేయడం) కింద నా ఒక్కదాని పేరు మీద కేసు రాశారు. రెండోది రుజువైతే మూడేళ్ల దాకా జైలు, లేదా 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రభుత్వ ఉద్యోగిని, ఇద్దరు పిల్లల తల్లిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత మా తోడికోడలి తమ్ముడు, లాయరు, నన్ను కూర్చోబెట్టి చట్టం చదివించాడు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో మూడో నిబంధన ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్ల గురించే. ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. పక్కన లైసెన్సు ఉన్న శిక్షకుడు ఉండాలి. ఆయన బండిని అదుపు చేయగలిగే చోట, ఆపగలిగే చోట కూర్చోవాలి. డ్రైవింగ్ స్కూలు కారులో రెండో బ్రేకు పెట్టించేది కూడా ఈ నిబంధనలే. అంటే నేర్చుకునే మనిషి తడబడుతుందని చట్టానికి ముందే తెలుసు. తెలిసే పక్కన ఇంకొక మనిషిని కూర్చోబెట్టింది.

మరి ప్రమాదం జరిగాక ఆ మనిషి ఎవరు? మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 2 (9) డ్రైవరు అంటే ఎవరో చెబుతుంది. ఒక బండి ఇంకొక బండిని లాక్కెళ్తుంటే, వెనక బండిలో స్టీరింగు పట్టుకున్న మనిషి కూడా డ్రైవరే అని అందులో ఉంది. చెడిపోయిన ఆటోని తాడు కట్టి గరాజుకి లాక్కెళ్లడం మనకి రోజూ కనబడేదే. వెనక ఆటోలో ఇంజను ఆగిపోయి ఉంటుంది, అయినా అందులో హ్యాండిల్ పట్టుకున్నవాడికి లైసెన్సు ఉండాలి, తప్పు చేస్తే బాధ్యతా ఉంటుంది. ఇది చదివి నాకు బాధేసింది. తాడు వెనక మనిషిని గుర్తుపెట్టుకుని రాశారు. ఇంజను నడుస్తున్న కారులో రెండో బ్రేకు దగ్గర కూర్చున్న మనిషి మాట ఆ నిర్వచనంలో లేదు.

నష్టపరిహారం సంగతి వేరు. అక్కడ దెబ్బ తిన్నవాళ్లకు దారి ఉంది. ఎల్‌ఎల్‌ఆర్ కూడా లైసెన్సేనని, ఆ సాకుతో బీమా కంపెనీ తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. ఇద్దరి నిర్లక్ష్యం వల్ల మూడో మనిషికి దెబ్బ తగిలితే, ఆ మనిషి మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గరైనా రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్యెయ్ కేసులో చెప్పింది. ఎవరి వాటా ఎంతో తర్వాత వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి. మా వంకాయల రైతు రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్లారు. నేనే లాయరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆసుపత్రిలో చూడబోతే ఆయన నాతో అన్న మాట ఇది: 'నువ్వు తొక్కినావో, ఆ బాబు లాగినాడో నాకేటి ఎరికమ్మా. నా కాలైతే ఇరిగిపోనాది.' ఆయనకి ఎవరిదన్నది అక్కర్లేదు, అది న్యాయమే. శిక్ష దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి తప్పు వాళ్లదిగా చూడాలి. అలా చూడాలంటే ముందు ఇద్దరి పేర్లూ కాగితం మీదకి రావాలి కదా.

ఇక్కడే నేను చేసిన రెండో తప్పు చెప్పాలి. డ్రైవింగ్ స్కూల్లో ఫారం 15 అని ఒక రిజిస్టరు ఉంటుంది. ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా నడిపారు అని రాసి, నేర్చుకున్నవాళ్లూ నేర్పినవాళ్లూ సంతకాలు పెట్టాలి. నేను చేరిన రోజునే, 'రోజూ ఎక్కడ పెడతారు మేడమ్, ఒకేసారి పెట్టేయండి' అన్నారు. పేజీ నిండా పెట్టేశాను. పిల్లల హాజరు పట్టీలో ఒక్క గడి ముందుగా నింపని దాన్ని, అక్కడ మాత్రం నింపేశాను. ప్రమాదం తర్వాత ఆ పేజీ చూపించమని అడిగితే, పదకొండో వరసలో నా సంతకం ఉంది. ట్రైనరు సంతకం చోటు ఖాళీ. ఆ రోజు పక్కన మనిషి ఉన్నాడని చెప్పే కాగితం నా దగ్గర ఏదీ లేదు. ఆ రైతు వాంగ్మూలం, రోడ్డు పక్కన టీకొట్టు ఆయన మాట, ఇవే దిక్కు.

మనవైపు ఒక బండిని ఇద్దరు నడపడం ఒక్క ఎల్ బోర్డు కారులోనే కాదు. ఆటో డ్రైవరు తన సీట్లోనే అటొకరిని ఇటొకరిని ఇరికించుకుంటాడు. డ్రైవరుకి చెయ్యి ఆడకుండా మనిషిని కూర్చోబెట్టుకోకూడదని మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 125 ఉంది. పదేళ్ల కొడుకుని ముందు కూర్చోబెట్టుకుని హ్యాండిల్ వాడి చేతికిచ్చి మురిసిపోయే తండ్రులు మా బడి గేటు ముందే రోజూ కనిపిస్తారు. మైనరు బండి నడిపి నేరం జరిగితే సంరక్షకుడికీ, బండి యజమానికీ మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా అని 2019 సవరణలో సెక్షన్ 199ఏ తెచ్చారు. తల్లిదండ్రుల సమావేశంలో నేను ఈ మాట చెబితే చాలామంది మొదటిసారి విన్నారు.

నేను కోరేది పెద్ద పనేమీ కాదు. ఎల్ బోర్డు కారుకి ప్రమాదం జరిగితే పోలీసులు కారుతో పాటు ఫారం 15 రిజిస్టరునీ అప్పటికప్పుడే స్వాధీనం చేసుకోవాలి. ట్రైనరు ఫోను కాల్ వివరాలూ తెప్పించాలి. ముందే పెట్టించుకున్న సంతకాలు కనిపిస్తే రవాణా శాఖ ఆ స్కూలు లైసెన్సు ఆపాలి. సెక్షన్ 2 (9)లో, తాడు వెనక మనిషి పక్కన, రెండో బ్రేకు దగ్గర కూర్చున్న శిక్షకుడి మాట కూడా చేర్చాలి. ఇది పార్లమెంటు పని. మన ఎంపీలు దీన్ని అక్కడ అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఆరు నెలల గడువు దాటి నా ఎల్‌ఎల్‌ఆర్ చెల్లకుండా పోయింది. ఈమధ్య మళ్లీ తీసుకుని ఇంకొక చోట చేరాను. మొదటి రోజు సీటు బెల్టు పెట్టుకోకముందే రిజిస్టరు తెమ్మన్నాను. ఆ రోజు వరసలో ఆయనా నేనూ సంతకాలు పెట్టాక ఫోనులో ఫొటో తీసుకున్నాను. ఆయన ఫోను డాష్‌బోర్డు అరలో పెట్టించాను. ఆయన విసుక్కోలేదు. ఎడమ అద్దం చూడడం ఆ రోజే నేర్పించాడు.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయిని,
విజయనగరం